రాక్‌హిల్ యార్డు: ఆవిరి ఇంజిన్ల నాటి ఒక చిన్న రైల్వేపై పాఠకుల ప్రశ్నలు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కొండ గనుల బొగ్గును మోయడానికి పుట్టిన ఈస్ట్ బ్రాడ్ టాప్ అనే చిన్న నారోగేజ్ (పట్టాల మధ్య ఎడం తక్కువగా ఉండే) రైల్వేను గత సంచికలో ఈ శీర్షిక కింద పరిచయం చేశాము. దానిపై వచ్చిన ఉత్తరాలలో చాలామంది రైలు ప్రయాణాన్ని గురించి కాక ఆ రైల్వేకు గుండెకాయ వంటి రాక్‌హిల్ ఫర్నెస్ యార్డును గురించి అడిగారు. పట్టాల మీద పరుగెత్తే ఇంజిన్‌ను అందరూ చూస్తారు కాని, దాన్ని పరుగెత్తించడానికి రాత్రింబవళ్లు యార్డులో జరిగిన చాకిరీని పట్టించుకునేవారు తక్కువ. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా చిన్నతనంలో నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలులో చాలాసార్లు ప్రయాణం చేశాను. ఈస్ట్ బ్రాడ్ టాప్ కూడా అలాంటి చిన్న రైల్వేయే అన్నారు. మరి అంత చిన్న మార్గానికి ఇంజిన్ షెడ్డు, కొలిమి, పోత కర్మాగారం, వడ్రంగి శాల ఇవన్నీ ఒకేచోట ఎందుకు కట్టుకోవలసి వచ్చింది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: మీరు చెప్పిన నౌపడ మార్గం పర్లాకిమిడి రాజావారి పూనికతో 1900లో మొదలైంది. దాని పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. ఈస్ట్ బ్రాడ్ టాప్‌ది మూడు అడుగులు. రెండింటి పుట్టుకకు కారణాలు వేరైనా, రెండూ ఒక చివర పెద్ద రైలు మార్గాన్ని తాకి, రెండో చివర లోపలి ప్రాంతంలో ఆగిపోయేవి. ఈస్ట్ బ్రాడ్ టాప్ కంపెనీకి 1856లోనే అనుమతి పత్రం దొరికినా పట్టాలు వేసే పని 1872లో గాని మొదలు కాలేదు. 1874 నాటికి మార్గం రాబర్ట్స్‌డేల్ గనుల దాకా చేరింది. ఉత్తరాన మౌంట్ యూనియన్ ఊరిలో అది పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి ప్రధాన మార్గాన్ని కలిసేది. ఆ తరువాత మరికొన్ని గనుల దాకా పొడిగించాక కూడా ప్రధాన మార్గం పొడవు దాదాపు 33 మైళ్లు, అంటే 53 కిలోమీటర్లు మాత్రమే. మౌంట్ యూనియన్ నుంచి సుమారు 11 మైళ్ల దూరంలో, ఇనుము కరిగించే కొలుముల పక్కన రాక్‌హిల్ ఫర్నెస్ యార్డు వెలిసింది. అక్కడి స్టేషనుకు మాత్రం వాగు అవతలి ఊరైన ఆర్బిసోనియా పేరు పెట్టారు.

ఇక మీ ప్రశ్నకు వద్దాము. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారికి ఆల్టూనాలో ఆ దేశంలోనే పేరెన్నికగన్న వర్క్‌షాపులు ఉండేవి. మౌంట్ యూనియన్‌కు అవి మరీ దూరం కూడా కావు. కాని మూడడుగుల గేజి ఇంజిన్ పెద్ద గేజి పట్టాల మీద తన చక్రాలతో తాను అక్కడికి వెళ్లలేదు. మరమ్మతుకు పంపాలంటే దాన్ని పెద్ద వ్యాగన్ మీదికి ఎక్కించాలి, అక్కడ దించాలి, పని అయ్యాక మళ్లీ అదే తతంగం. ఉన్నవి కొద్దిపాటి ఇంజిన్లు. వాటిలో ఒకటి నెలల తరబడి ఊళ్లో లేకపోతే గనిలోంచి పైకి వచ్చిన బొగ్గు అక్కడే పడి ఉంటుంది. అందువల్ల చేతనైనంత పని ఇంటి దగ్గరే చేసుకోవడం ఆ కంపెనీకి తప్పనిసరి అయింది.

ఆ తప్పనిసరి క్రమంగా గొప్ప పనితనంగా మారింది. 1913 నుంచి వారు చెక్క వ్యాగన్ల స్థానంలో పూర్తిగా ఉక్కుతో చేసిన బొగ్గు వ్యాగన్లను ప్రవేశపెట్టి, వాటిని రాక్‌హిల్‌లోని సొంత వర్క్‌షాపుల్లోనే (వాటినే షాపులు అంటారు) తయారు చేసుకున్నారు. ఆనాటి నారోగేజ్ రైల్వేలలో ఇంతటి పనికి పూనుకున్నవి చాలా అరుదు. 1927లో ఫిలడెల్ఫియాలోని బ్రిల్ కంపెనీ నుంచి విడిభాగాలు తెప్పించుకుని, పెట్రోలు ఇంజిన్‌తో విద్యుత్తు పుట్టించుకుని నడిచే ‘ఎం-1’ అనే ప్రయాణికుల బండిని ఇక్కడే కూర్చారు. ఒక మారుమూల లోయలోని పనివారు ఇంత చేయగలిగారంటే ఆ యార్డులో పోగుపడిన నేర్పు ఎంతటిదో ఊహించండి. నా దృష్టిలో రాక్‌హిల్‌లో మిగిలిన ఇంజిన్లకంటె ఆ షాపులే విలువైనవి.

ప్రశ్న: మా నాన్నగారు గుంతకల్లు లోకో షెడ్డులో క్లీనరుగా చేరి ఫైర్‌మన్ అయ్యారు. తెల్లవారుజామున బండి బయలుదేరాలంటే అర్ధరాత్రి నుంచే షెడ్డులో పని మొదలయ్యేదని చెప్పేవారు. అమెరికాలోని ఆ చిన్న యార్డులో కూడా పద్ధతి అదేనా? ఇంజిన్‌ను సిద్ధం చేయడంలో ఏమేమి పనులు ఉండేవో వివరంగా రాయగలరా?
— ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: మీ నాన్నగారు గుంతకల్లులో చేసిన పనికీ, రాక్‌హిల్‌లో జరిగిన పనికీ మౌలికంగా తేడా లేదమ్మా. ఇంజిన్లలో కూడా చుట్టరికం ఉంది. మన మీటర్‌గేజ్ మీద సరుకు బండ్లు లాగిన వైజీ ఇంజిన్లకు ముందు రెండు చిన్న చక్రాలు, మధ్యలో ఎనిమిది పెద్ద చక్రాలు, వెనక మళ్లీ రెండు చిన్న చక్రాలు ఉండేవి. ఈ అమరికను రైల్వే లోకమంతా ‘మికాడో’ అంటుంది. ఈస్ట్ బ్రాడ్ టాప్ 1911, 1920 సంవత్సరాల మధ్య ఫిలడెల్ఫియాలోని బాల్డ్విన్ కర్మాగారం నుంచి ఒకటొకటిగా కొన్న ఆరు ఇంజిన్లూ మికాడోలే. వాటి నంబర్లు 12, 14, 15, 16, 17, 18. పదమూడో నంబరును వదిలేశారు.

పని నిజానికి ముందురోజు సాయంత్రం, బండి యార్డులోకి తిరిగి రాగానే మొదలవుతుంది. రోజంతా మండిన ఫైర్‌బాక్స్ (మంట గది) అడుగున బూడిదతో పాటు, బొగ్గులోని మలినాలు కరిగి గట్టిపడిన క్లింకరు పలకలు పలకలుగా పేరుకుని ఉంటుంది. అది గాలి ఆడనివ్వదు. గాలి ఆడకపోతే మంట లేవదు. అందుకని ఇంజిన్‌ను బూడిద గుంట మీద నిలిపి, అడుగున ఉన్న జాలీ కడ్డీలను కుదిపి, పొడవాటి ఇనుప కొక్కేలతో క్లింకరును పగలగొట్టి లాగి గుంటలో పడేస్తారు. మంచి నిప్పును మాత్రం ఒక పక్కకు నెట్టి కాపాడుకుంటారు. ఎర్రగా కాలే ఆ పలకల మీద నీళ్లు చల్లినప్పుడు లేచే ఆవిరిలో, గంధకపు ఘాటులో నిలబడి చేయవలసిన పని ఇది. ఎండాకాలంలో అది ఎంతటి శిక్షో మీ నాన్నగారు మీకు చెప్పే ఉంటారు.

తరువాత బొగ్గు, నీళ్లు, ఇసుక నింపుతారు. ఇసుక మాట విని ఆశ్చర్యపడవద్దు. తడి పట్టాల మీద చక్రం జారి ఉన్నచోటే తిరుగుతుంటే చక్రం ముందు సన్నగా ఇసుక వదులుతారు. ఆ ఇసుకలో తేమ ఉంటే గొట్టంలో ముద్దకడుతుంది కాబట్టి దాన్ని పొయ్యి మీద ఎండబెట్టి, జల్లించి, బాయిలర్ మీద ఉన్న డోములో పోస్తారు. బాయిలర్ వేడికి అది అక్కడ పొడిగానే ఉంటుంది.

మరునాడు మళ్లీ పనికి వెళ్లవలసిన ఇంజిన్‌ను పూర్తిగా చల్లారనివ్వరు. నిప్పును ఒకచోటికి చేర్చి, దాని మీద దట్టంగా పచ్చి బొగ్గు కప్పి, కింది గాలి తలుపులు మూస్తారు. నిప్పు చావదు, ఎగయదు. రాత్రి కాపలా మనిషి ఒక్కో ఇంజిన్ దగ్గరికి వెళ్లి, ఒకటి రెండు పారల బొగ్గు వేసి, బాయిలర్‌లో నీటి మట్టం చూసి మరొకదాని దగ్గరికి పోతాడు. తెల్లవారుజామున గాలి తలుపులు తెరిచి, నిప్పును పరిచి, పొగగొట్టం కింద ఆవిరి చిమ్మే బ్లోయరును తెరిస్తే మంట ఊపందుకుని పీడనం పెరుగుతుంది.

పూర్తిగా చల్లారిన ఇంజిన్‌ను రాజేయడం వేరే సంగతి. దానికి చాలా గంటలు పడుతుంది, తొందరపడితే అసలుకే మోసం. బాయిలర్‌లోని గొట్టాలు, ఫైర్‌బాక్స్ రేకులు, బయటి పెంకు ఒకే రకంగా వేడెక్కవు, ఒకే కొలతలో సాగవు. మంట హెచ్చుగా పెట్టి లోపలి భాగాలను ముందే సాగనిస్తే గొట్టాలు బిగించిన చోట కీళ్లు వదులై నీరు కారడం మొదలవుతుంది. అందుకే మంచి షెడ్డు మనిషి మొదట కట్టెలతో చిన్న మంట వేసి, ఓపిగ్గా బొగ్గు కలుపుతూ పోతాడు.

ఇక ప్రాణాలకు సంబంధించిన పని నీటి మట్టాన్ని చూడడం. ఫైర్‌బాక్స్ పైకప్పుగా ఉండే రేకు మీద ఎప్పుడూ నీరు నిలిచి ఉండాలి. ఆ నీరు తగ్గి రేకు బయటపడితే కింది మంటకు అది మెత్తబడి, లోపలి పీడనానికి తెగి, బాయిలర్ పేలిపోతుంది. నీటి మట్టం తెలియడానికి డ్రైవరు ఎదుట నిలువుగా గాజు గొట్టం ఒకటి ఉంటుంది. అనుభవజ్ఞుడు దాన్ని ఊరికే చూసి నమ్మడు. దాని అడుగున ఉన్న చిన్న కుళాయిని తిప్పి నీటిని వదిలేసి, మళ్లీ మూసి, నీరు ఎంత చురుకుగా పూర్వపు మట్టానికి ఎగబాకుతుందో గమనిస్తాడు. బద్ధకంగా, నెమ్మదిగా పైకి వస్తే దారిలో ఎక్కడో గారపట్టి పూడుకుపోతున్నదని అర్థం. అప్పుడు ఆ గాజు చూపే మట్టం అబద్ధం కావచ్చు. గాజు గొట్టంతో పాటు వేర్వేరు ఎత్తులలో అమర్చిన పరీక్ష కుళాయిలు కూడా ఉండేవి. ఒక్కొక్కటీ తెరిచి నీరు వస్తున్నదా, ఆవిరి వస్తున్నదా అని చూసి మట్టాన్ని నిర్ధారించుకునేవారు.

గార పేరుకోకుండా బాయిలర్‌ను కడగడం షెడ్డులో మరో పెద్ద పని. అమెరికాలో 1911లో బాయిలర్ తనిఖీ చట్టం వచ్చాక, దాని కింద ఏర్పడిన నిబంధనల ప్రకారం నెలకు కనీసం ఒకసారి బాయిలర్‌ను కడిగి తీరాలి. ఇంజిన్‌ను చల్లార్చి, మూలలకు బిగించిన బిరడాలను ఊడదీసి, గట్టి ధారతో నీళ్లు కొట్టి బురదను, పెచ్చులను బయటికి తోస్తారు. రాక్‌హిల్‌లో నిప్పుకు కావలసిన బొగ్గు వారి సొంత గనులదే కాబట్టి దానికి కొరత లేదు. యార్డు కాలాన్ని ఎక్కువగా మింగింది ఈ కడగడం, తుడవడం, నూనె పోయడం, వదులైనవి బిగించడం.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. రాక్‌హిల్ షాపులో లేతు (లోహాన్ని తిప్పుతూ చెక్కే) యంత్రాలన్నీ ఒకే ఆవిరి ఇంజిన్‌తో నడిచేవని గత సంచికలో రాశారు. ఒక్క ఇంజిన్‌తో అన్ని యంత్రాలను విడివిడిగా ఎలా నడిపారు, ఎలా ఆపారు?
— విద్యార్థి, వరంగల్

జవాబు: షాపులో కదలకుండా ఒకచోట బిగించిన ఆవిరి ఇంజిన్ ఉంటుంది. అది పైకప్పు కింద ఈ చివర నుంచి ఆ చివరి దాకా బేరింగులలో అమర్చిన పొడవాటి ఇరుసును నిరంతరం తిప్పుతుంది. ఆ ఇరుసు మీద యంత్రానికొకటి చొప్పున కప్పీలు ఉంటాయి. కప్పీ మీదుగా దిగిన బల్లపరుపు బెల్టు కింది యంత్రాన్ని తిప్పుతుంది.

మీ ప్రశ్నలోని అసలు కీలకం ఆపడంలో ఉంది. ప్రతి యంత్రం వైపూ ఉండే చిన్న ఇరుసు మీద పక్కపక్కనే రెండు కప్పీలు అమరుస్తారు. ఒకటి ఆ చిన్న ఇరుసుకు బిగించినది, రెండోది దాని మీద వదులుగా తిరిగేది. పనివాడు చేతికందే పొడవాటి చెక్క పిడిని ఒక పక్కకు నెడితే బెల్టు బిగించిన కప్పీ మీదికి జరిగి యంత్రం తిరుగుతుంది. ఇటు లాగితే బెల్టు వదులు కప్పీ మీదికి వచ్చి ఊరికే తిరుగుతుంది, యంత్రం ఆగుతుంది. మెట్లు మెట్లుగా వ్యాసం మారే కప్పీలను వాడి వేగాన్ని మార్చుకునేవారు. కప్పీలో బెల్టు కూర్చునే అంచును మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా చెక్కుతారు. తిరిగే బెల్టు తనంత తాను ఆ ఉబ్బు మీదికే జరిగి మధ్యలో నిలుస్తుంది. ఇరుపక్కలా గట్టు కట్టనవసరం లేదు. ఇది ఎందుకు జరుగుతుందో మీరే కాగితం మీద బొమ్మ గీసి తేల్చుకుంటే ఆ రోజుల ఇంజినీర్ల మీద మీకు గౌరవం కలుగుతుంది.

ఈ పద్ధతిలో లోపాలూ తక్కువేమీ కావు. ఒక్క లేతు పని చేస్తున్నా మొత్తం ఇరుసు తిరగవలసిందే. ఘర్షణలో శక్తి చాలా వృథా అవుతుంది. కప్పు లేని బెల్టులు మనుషుల మధ్యే తిరిగేవి కాబట్టి చొక్కా చేతులు పొరపాటున చిక్కుకుంటే మనిషి దక్కడం కష్టం. విద్యుత్ మోటార్లు చవకబడగానే పెద్ద కర్మాగారాలు ఈ పద్ధతిని వదిలేసింది అందుకే. చిన్న రైల్వే దగ్గర అంత పెట్టుబడి లేదు, ఉన్నది బాగానే పని చేస్తున్నది, అందువల్ల రాక్‌హిల్‌లో బెల్టులు అలాగే ఉండిపోయాయి. ఈ రకమైన షాపు చెక్కుచెదరకుండా మిగలడం ప్రపంచంలోనే అరుదు. మీ కళాశాల ప్రయోగశాలలో ఎక్కడైనా పాత లేతు మూలన పడి ఉంటే దాని తలభాగంలో మెట్ల కప్పీ ఉన్నదేమో చూడండి. ఉంటే అది ఈ వంశానిదే.

ప్రశ్న: నారోగేజ్ వ్యాగన్ మౌంట్ యూనియన్ చేరిన తరువాత సరుకును పెద్ద గేజి వ్యాగన్లలోకి ఎలా మార్చేవారు? మనుషులే మోసేవారా?
— రేవు కార్మికుడు, విశాఖపట్నం

జవాబు: గేజి మారే ప్రతిచోటా ఇదే పెద్ద తలనొప్పి. మన దేశంలో బ్రాడ్‌గేజ్, మీటర్‌గేజ్ కలిసే స్టేషన్లలో కూలీలు బస్తాలను ఒక వ్యాగన్ నుంచి మరొక వ్యాగన్‌లోకి వీపుల మీద మోయడం పెద్దలు చాలామంది చూసినదే. మౌంట్ యూనియన్‌లో ఎక్కువ సరుకు బొగ్గు కావడం కొంత మేలు చేసింది. బొగ్గు వ్యాగన్ అడుగు తలుపులు తెరిస్తే సరుకు తానే జారిపోతుంది. అక్కడి శుద్ధి ప్లాంటులో బొగ్గును శుభ్రపరిచి, సైజుల వారీగా వేరు చేసి, నేరుగా పెద్ద గేజి వ్యాగన్లలో నింపేవారు. కొంత బొగ్గు ఆ ఊళ్లోనే దిగిపోయేది. ఉక్కు కర్మాగారాల కొలుములలో వాడే, వేడికి తట్టుకునే సిలికా ఇటుకలకు మౌంట్ యూనియన్ పేరుపొందిన కేంద్రం. ఆ ఇటుకల బట్టీలకు ఇంధనాన్నీ, గనిస్టరు అనే తెల్లని గట్టి రాతినీ ఈ చిన్న రైల్వే అందించేది.

చిక్కంతా మిగిలిన సరుకుతోనే. దూర ప్రాంతం నుంచి పెట్టె వ్యాగన్‌లో వచ్చిన సామాను లోపలి ఊళ్లకు వెళ్లాలి. దానికి 1930లలో వారు కనిపెట్టిన ఉపాయం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. యార్డులో కలపను ఎత్తి మార్చడానికి కట్టిన పెద్ద క్రేను ఒకటి ఉండేది. పెద్ద గేజి వ్యాగన్‌ను దాని కిందికి తెచ్చి, ఒక చివరను పైకెత్తి, కింద ఉన్న నాలుగు చక్రాల చట్రాన్ని బయటికి దొర్లించి, దాని స్థానంలో మూడడుగుల గేజి చట్రాన్ని దొర్లించి, వ్యాగన్‌ను దాని మీదికి దించేవారు. రెండో చివర కూడా అలాగే. సరుకును ముట్టుకోనక్కరలేదు, వ్యాగన్ తలుపు తెరవనక్కరలేదు. పెద్ద పెట్టె వ్యాగన్ ఇరుకు చక్రాల మీద నిలబడి కొండల్లోకి బయలుదేరేది. పైభాగం బరువు ఎక్కువ, కాళ్ల మధ్య ఎడం తక్కువ కాబట్టి దాన్ని మెల్లగా, జాగ్రత్తగా నడపవలసి వచ్చేది.

ఇది చేయాలంటే యార్డులో రెండు గేజిల పట్టాలూ ఉండాలి. రెండింటికీ వేర్వేరు దారులు వేయకుండా మూడు పట్టాలు వేశారు. ఒక పట్టా రెండు గేజిలకూ ఉమ్మడి, రెండోది నారోగేజ్‌కు, మూడోది పెద్ద గేజికి. ఇక్కడే ఒక లెక్క అడ్డు వచ్చింది. పెద్ద గేజి 1435 మిల్లీమీటర్లు, నారోగేజ్ 914. ఒక పట్టా ఉమ్మడి కావడంతో రెండు రకాల వ్యాగన్ల నడి గీతలు ఒకదాని మీద ఒకటి రావు, వాటి మధ్య దాదాపు 260 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. పెద్ద గేజి ఇంజిన్ నేరుగా వచ్చి నారోగేజ్ వ్యాగన్‌ను తాకితే వ్యాగన్లను కలిపే కప్లింగులు ఒకదానికొకటి ఎదురుపడవు. అందుకని ఆ యార్డులో షంటింగ్ చేసే, అంటే వ్యాగన్లను అటూ ఇటూ మార్చే పెద్ద గేజి ఇంజిన్‌కు మధ్యలో మామూలు కప్లింగు, దానికి పక్కగా నారోగేజ్ వ్యాగన్లకు సరిపోయే మరో కప్లింగు అమర్చారు. ఒకే ఇంజిన్ రెండు రకాల వ్యాగన్లనూ నెట్టేది, లాగేది. బండి ఒక దారి నుంచి మరో దారికి మళ్లే పాయింట్ల దగ్గర మూడు పట్టాలు ఒకదాన్నొకటి దాటే తీరు మరింత చిక్కుముడి. ఆ పాయింట్లను వేసిన గ్యాంగు మనుషులకు చేతులెత్తి మొక్కాలి.

ప్రశ్న: టర్న్‌టేబుల్ మీద అంత బరువైన ఇంజిన్‌ను ఇద్దరు ముగ్గురు మనుషులు చేతులతో తిప్పేవారంటే నమ్మబుద్ధి కావడం లేదు. నిజమేనా?
— పదో తరగతి విద్యార్థిని, నల్గొండ

జవాబు: నిజమే. టర్న్‌టేబుల్ అంటే ఇంజిన్‌ను పైన నిలిపి దాని దిశను మార్చడానికి తిప్పే పట్టాల బల్ల. దాని మధ్యలో గట్టి ఇరుసు ఉంటుంది. ఇంజిన్, దాని వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండరు, రెండూ కలిసిన బరువు సరిగ్గా ఆ ఇరుసు మీద పడేలా డ్రైవరు ఇంజిన్‌ను ఆపితే బల్ల తూకంగా నిలుస్తుంది. అప్పుడు చివర ఉన్న పొడవాటి దూలాన్ని పట్టుకుని నెడితే తిరుగుతుంది. కొద్ది అడుగులు ముందుకో వెనక్కో ఆగితే బరువు ఒక చివరకు మొగ్గి, ఎంత నెట్టినా కదలదు. టెండరులో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఆపవలసిన చోటు ఒకటి, ఖాళీ అయినప్పుడు మరొకటి. షెడ్డు డ్రైవరు ఈ తేడాను అనుభవం మీద పసిగట్టేవాడు. రాక్‌హిల్‌లో ఈ బల్ల చుట్టూ అర్ధచంద్రాకారంలో ఎనిమిది గదుల ఇటుక షెడ్డు ఉంది. బల్లను ఏ గదికి ఎదురుగా నిలిపితే ఆ గదిలోకి ఇంజిన్‌ను పంపవచ్చు.

ప్రశ్న: ఇంత పనిలో ప్రమాదాలు జరిగేవి కావా? పనివారి గురించి ఎవరూ రాయరు.
— కార్మిక సంఘం కార్యకర్త, రామగుండం

జవాబు: మీ ఫిర్యాదు న్యాయమైనది. ఆవిరి యుగపు యార్డు అందంగా కనిపించేది చూసేవారికే. పాత రోజుల్లో అమెరికా వ్యాగన్లను కలపడానికి ఇనుప లంకె, దానిలో దించే మేకు వాడేవారు. రెండు వ్యాగన్లు దగ్గరికి వస్తుంటే మనిషి వాటి మధ్య నిలబడి, లంకెను చేత్తో సర్ది, సరైన క్షణంలో మేకు దించాలి. క్షణం తప్పితే వేళ్లు పోయేవి, ఒక్కోసారి మనిషే పోయేవాడు. వేళ్లు తెగిన చేతులు ఆ వృత్తికి గుర్తుగా ఉండేవి. సరుకు బండికి బ్రేకు వేయడానికి కదులుతున్న వ్యాగన్ల కప్పుల మీద, వానలోనూ మంచులోనూ పరుగెత్తి ఒక్కొక్క బ్రేకు చక్రాన్నీ చేత్తో తిప్పి బిగించవలసి వచ్చేది.

1893లో అమెరికా ప్రభుత్వం రైల్వే భద్రతా పరికరాల చట్టం చేసింది. రాష్ట్రాల మధ్య సరుకు రవాణాలో పాల్గొనే రైల్వేలు తాకగానే వాటంతట అవే కలిసే కప్లింగులను, గాలి బ్రేకులను అమర్చాలని అది శాసించింది. కంపెనీలు ఖర్చు భారమన్నాయి, గడువులు పొడిగింపజేసుకున్నాయి, చివరికి 1900లో చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. ఆ తరువాత కప్లింగు ప్రమాదాలు బాగా తగ్గాయి. పనివారి అజాగ్రత్త వల్లనే చేతులు పోతున్నాయని అంతకు ముందు దశాబ్దాల పాటు వాదించినవారికి ఇంతకంటె గట్టి జవాబు లేదు. పనివాడి ఒళ్లు పదిలంగా ఉండటం పరికరం మీద ఆధారపడినంతగా హెచ్చరిక బోర్డుల మీద ఆధారపడదని యార్డులో పని చేసిన ఎవరిని అడిగినా చెబుతారు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాము. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి కారులో వెళ్లి వస్తుంటాము. ఆ దారిలోనే ఈ యార్డు ఉన్నదా? 1956లో మూతపడిన రైల్వే ఇంకా అలాగే ఎందుకు మిగిలింది? పాత ఇనుముగా ఎందుకు అమ్మేయలేదు?
— ఒక దంపతులు, ఎడిసన్

జవాబు: అమ్మేశారు, కొన్నది పాత ఇనుము వ్యాపారే. ఇళ్లలో బొగ్గు స్థానంలోకి నూనె, గ్యాస్ వచ్చాయి. పెద్ద రైల్వేలు డీజిల్‌కు మారి బొగ్గు కొనడం మానేశాయి. ఈస్ట్ బ్రాడ్ టాప్ మాత్రం చివరి రోజు దాకా ఒక్క డీజిల్ ఇంజిన్ కూడా కొనలేదు. గిరాకీ పడిపోయి 1956 ఏప్రిల్‌లో బండ్లు ఆగాయి. నిక్ కొవాల్చిక్ అనే పాత ఇనుము వ్యాపారి మొత్తం రైల్వేను కొన్నారు. కొన్న మనిషి పట్టాలు పీకించాలి, ఇంజిన్లు కోయించాలి. ఆయన ఆ పని చేయలేదు. 1960లో ఆర్బిసోనియా ద్విశతాబ్ది ఉత్సవాలు వచ్చినప్పుడు ఊరివారు అడిగితే కొన్ని మైళ్ల పట్టాలను బాగుచేయించి ఆగస్టులో మళ్లీ ఆవిరి బండి నడిపించారు. ఉత్సవం అయిపోయినా బండి ఆగలేదు, 2011 దాకా ప్రతి ఏడూ యాత్రికుల కోసం నడుస్తూ వచ్చింది. 1964లో ఈ రైల్వే జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది. బండ్లు ఆగిన కొన్నేళ్ల తరువాత, 2020లో లాభాపేక్ష లేని ఈబీటీ (ఈస్ట్ బ్రాడ్ టాప్) ఫౌండేషన్ దాన్ని కొని పునరుద్ధరణ మొదలుపెట్టింది. 2021లో బండ్లు తిరిగి నడిచాయి. 1956 నుంచి షెడ్డులో కదలకుండా నిలిచిపోయిన 16వ నంబరు మికాడోను 2023లో మళ్లీ రాజేశారు. ఆరు మికాడోలలో ఒక్కటీ తుక్కు కాలేదు, ఆరూ ఇప్పటికీ ఉన్నాయి.

దారి సంగతి. మీరు పిట్స్‌బర్గ్ వెళ్లే పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద ఫోర్ట్ లిటిల్‌టన్ దగ్గర దిగి, 522వ నంబరు రహదారి మీద ఉత్తరానికి సుమారు 20 మైళ్లు వెళితే ఆర్బిసోనియా వస్తుంది. యార్డు దానికి ఆనుకునే ఉంది. ఏడాది పొడుగునా బండ్లు నడవవు, నడిచే రోజుల్లో కూడా అన్నీ ఆవిరి బండ్లు కావు కాబట్టి బయలుదేరే ముందు వారి ప్రకటన చూసుకోండి. బండి ఎక్కి తిరిగి రావడంతో సరిపెట్టవద్దు. షాపులను చూపించే ఏర్పాటు ఉన్న రోజునే వెళ్లండి, బెల్టులు, కప్పీలు, కొలిమి ఉన్న ఆ కట్టడాలకు కనీసం ఒక పూట కేటాయించండి. పిల్లలుంటే రోడ్డుకు అవతలి వైపు పాత ట్రాములను నడిపే రాక్‌హిల్ ట్రాలీ మ్యూజియం కూడా ఉంది. ఈస్ట్ బ్రాడ్ టాప్ వారి పాత శాఖ మార్గం మీదనే ఆ ట్రాములు తిరుగుతాయి.